సులూ అన్న మాట

నౌసోరి బస్టాండుకు ఎదురుగా ఉన్న ఖత్రి బట్టల కొట్టులో తితిలియా ఆ ఉదయం అరలో ఉన్న తానులన్నీ కిందికి దింపించింది. ఏదీ నచ్చలేదు. ఆమె భర్త ఎరోని పోయి నూరో రాత్రి దగ్గరపడుతోంది. ఆ రోజు ఇంటిల్లిపాదీ నల్లబట్టలు విడిచి, అందరూ ఒకే అచ్చు ఉన్న రంగుబట్ట కట్టాలి. దాన్ని కలవాత అంటారు. చంకలో పిల్ల దగ్గర్నుంచి పాస్టరుగారి దాకా అందరి ఒంటిమీదా అదే పువ్వు కనిపించకపోతే ఆ విందు విందూ కాదు, పోయినవాడికి పరువూ లేదు.

"ఈ ఎర్ర మందారాలు బాగున్నాయి గానీ, ఎరోనికి ఎరుపంటే పడదు రేవా. చూస్తే తలనొప్పి అనేవాడు."

"ఇంకా ఎక్కడి తలనొప్పి? నువ్వు పక్కన లేవుగా, హాయిగా ఉండుంటాడు" అంది కొట్టు నడిపే రేవాబెన్.

తితిలియా భుజాలు కదిలేలా నవ్వి, గల్లా బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. ఇద్దరిదీ పెళ్ళిళ్ళ నాటి స్నేహం. కొత్త కోడలిగా కొట్టులోకి అడుగుపెట్టిన రేవాబెన్ పేరు విని, "మా నది పేరు మీ అమ్మకెవరు చెప్పారే?" అని మొదట పలకరించింది ఈమే. ఊరి పక్కనే రేవా నది పారుతుంది. గుజరాత్‌లో కూడా ఆ పేరుతో నది ఉందని రేవాబెన్ అప్పట్నుంచీ చెబుతూనే ఉంది. తితిలియా అప్పట్నుంచీ నమ్మడం లేదు.

చివరికి నీలం మీద తెల్ల తాటాకుల అచ్చు ఉన్న తాను నచ్చింది. ఇంటివాళ్ళకీ చుట్టాలకీ కలిపి తాను మొత్తం కావాలంది.

"ఎంతకిస్తావు?"

ఆ ప్రశ్నకు నిద్రలో లేపి అడిగినా జవాబు చెప్పగలిగిన రేవాబెన్, తాను అంచు పట్టుకుని అటూ ఇటూ నలిపింది.

"ఏమే, ధర అడిగితే దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావు?"

"రెండు రోజులాగి చెబుతాను తితిలియా. తాను మాత్రం నీదే, పక్కన పెట్టేస్తాను."

తితిలియా వింతగా చూసి, సరేనని వెళ్ళిపోయింది. అంగడి నడుపుతూ అమ్మే సరుకు ధర తనకే తెలియకపోవడమంత సిగ్గుచేటు ఇంకోటి ఉందా? రేవాబెన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని కోపంగా తుడుచుకుంది.

ఈ తంటా అంతా ఒక్క మాట తెచ్చింది. సులూ అంటే నడుముకు చుట్టుకునే బట్ట. అయితే ఆ దీవుల భాషలో తానులో ఉన్న గుడ్డనీ సులూ అంటారు, ఒంటిమీదికి వచ్చాక దాన్నీ సులూ అంటారు. మనం బట్ట అనడం లేదూ, అలాగే. రేవాబెన్ భర్త ధనసుఖ్ బతికున్నప్పుడు సూరత్ మిల్లుకి ఆర్డరు రాసినప్పుడల్లా 'సులూ' అనే రాసేవాడు. పొద్దస్తమానం అదే మాట నోట్లో నానే మనిషికి కాగితం మీద ఇంకో మాట ఎక్కడి నుంచి ఊడిపడుతుంది? మిల్లువాడికి ఆ మాట తెలియదు. ఎందుకొచ్చిన గొడవని బిల్లు మీద కూడా అదే ఎక్కించి పంపేవాడు. రెండేసి గజాలకు అడ్డంగా అంచు అచ్చు వేయించే ఆలోచన కూడా ధనసుఖ్‌దే. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి లాగితే చర్రున చిరిగి, కట్టుకోవడానికి సిద్ధంగా ఒక సులూ చేతిలోకి వస్తుంది. అది చూసి సువా నుంచి లౌటోకా దాకా బట్టల కొట్లవాళ్ళందరూ అలాగే తెప్పించుకోవడం మొదలుపెట్టారు.

తాను గుడ్డకి సుంకం తక్కువ. తయారైన దుస్తులకి నడ్డి విరిగేంత సుంకం. ఇన్నేళ్ళూ ఈ సరుకు తాను గుడ్డగానే ఓడ దిగింది, ఎవరూ కాదనలేదు. ఇప్పుడు కస్టమ్స్‌లో ఎవరో బుద్ధిమంతుడు పాత బిల్లు తిరగేసి, 'సులూ అంటే తయారైన దుస్తు కదా' అన్నాడట. సరే, ఇకనుంచి ఎక్కువ కట్టమంటే ఏడుస్తూనో మొత్తుకుంటూనో కడతారు. అలా కాదు, ఐదేళ్ళ వెనక నుంచి లెక్కకట్టి వసూలు చేయవచ్చు అని నోటీసు పంపారు. ఆ 'చేయవచ్చు' దగ్గరే ఉంది ప్రాణసంకటం. చేస్తాం అంటే ఒక దారి, చెయ్యం అంటే ఒక దారి. చేయవచ్చు అంటే మనిషి ఏం చేసి చావాలి, ఉన్న సరుకుకి ఏ ధర కట్టాలి? ఆ బట్టలు ఎప్పుడో అమ్ముడైపోయాయి. కట్టుకున్నవాళ్ళు కట్టుకుని, ఉతికి, చింపి, నేల తుడుచుకుని పారేశారు. ఇప్పుడు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, అమ్మా, మీ నేలగుడ్డకి సుంకం బాకీ ఉంది అని అడగాలా?

వసూలు చేస్తే మాత్రం రేవాబెన్‌కి మిగిలేది ఏమీ లేదు. కింద కొట్టు, పైన రెండు గదులు, అదే ఆమె ఆస్తి, అదే ఆమె ఇల్లు. రెండూ పోతాయి. ఈ వయసులో ఎవరి పంచన చేరాలో కూడా ఆమెకు తెలియదు.

సువాలో దోలత్‌భాయ్ కొట్టు వెనక గదిలో వ్యాపారులంతా కలిశారు. దోలత్‌భాయ్ అందరికన్నా పెద్ద దిగుమతిదారు. ధనసుఖ్ పోయినప్పుడు రేవాబెన్‌కి అరువు మీద సరుకిచ్చి కొట్టు నిలబెట్టింది ఆయనే. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తడు, ఆమె ఎప్పుడూ మరిచిపోదు. టీ చల్లారిపోతున్నా ఎవరూ కప్పు ముట్టుకోలేదు.

"చూడండి, ఇది గుడ్డ. ఉత్త గుడ్డ. ఎవడొచ్చి అడిగినా ఇదే మాట" అన్నాడు దోలత్‌భాయ్. "మనలో ఒక్కడు నాలుక జారితే అందరం గంగలో కలుస్తాం."

"బిల్లు మీద సులూ అని ఉందిగా భాయ్?" అంది రేవాబెన్.

"ఉంటే? సులూ అంటే గుడ్డ కాదా? వాళ్ళ భాషే చెబుతోంది." ఆయన గొంతు తగ్గించాడు. "రేవాబెన్, కోపం తెచ్చుకోకు. ఆ మాట మొదలుపెట్టింది ధనసుఖ్. అందుకే ముందు నీ కొట్టుకే వస్తున్నారు. నీ దగ్గర ఏం తేలితే మా అందరికీ అదే. ఎంతమంది ఇళ్ళు నీ చేతిలో ఉన్నాయో ఆలోచించుకో."

పోయిన మొగుణ్ణి పదిమందిలో ముద్దాయిని చేస్తే ఏ ఆడదానికి ఒళ్ళు మండదు? మండింది. కానీ ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. రేవాబెన్ తల ఊపి, చల్లటి టీ తాగేసి బస్సెక్కింది.

మర్నాడే కస్టమ్స్ నుంచి ఇనోకె అనే కుర్ర అధికారి వచ్చాడు. బూడిద రంగు సులూ, జేబులు కుట్టించుకున్నది, ఇస్త్రీ మడత నలగలేదు. మర్యాదగా చెప్పులు గడప దగ్గర విడవబోతే రేవాబెన్ వద్దంది. తానులు పరిపించి చూశాడు. ఒక అంచు మీద వేలు పెట్టి అడిగాడు.

"ఇదెందుకు ఆంటీ?"

"అందానికి బాబూ. గుడ్డ కొలవడానికీ వీలుగా ఉంటుంది."

సరిగ్గా అప్పుడే తితిలియా చేతిలో ఉడికించిన కర్రపెండలం పొట్లంతో లోపలికొచ్చింది. రేవాబెన్ ముఖం వాడిపోయి ఉండటం మొన్న చూసి వెళ్ళింది కదా, తినిపించిపోదామని వచ్చింది. కుర్రాణ్ణి ఎగాదిగా చూసింది.

"ఎవరబ్బాయివి నువ్వు?"

"తైలేవు వాణ్ణే బూబూ. ఇది ఏమిటో చూసి రమ్మని పంపారు." మామ్మలను పిలిచే పిలుపుతోనే పలికాడు.

"ఏమిటో చూడ్డానికి ఆఫీసు నుంచి మనిషి రావాలా? మీ అమ్మ నిన్ను దేంట్లో చుట్టి ఎత్తుకుందిరా? సులూ ఇది!"

"తితిలియా..." అంది రేవాబెన్.

"నువ్వాగు. ఏమయ్యా, ఈ కొట్టు సంగతి నీకు తెలీదు. వేరే కొట్లలో ఉత్త గుడ్డ అమ్ముతారు, కొలిపించుకో, కత్తిరించుకో, అంచు కుట్టించుకో, నానా చాకిరీ. మా రేవా అలా కాదు. ఇలా చింపు, ఇలా చుట్టు, చర్చికెళ్ళిపో!" అంటూ తాను లాగి, చింపకుండానే నడుముకి చుట్టి, గిర్రున ఒక్క చుట్టు తిరిగి చూపించింది. స్నేహితురాలి కొట్టు గొప్ప చెబుతున్నానన్న ఆనందంతో ఆమె ముఖం వెలిగిపోతోంది.

రేవాబెన్ ఆమె నడుము నుంచి తాను ఊడదీసి, గబగబా చుట్టి బల్ల మీద పెట్టింది.

ఇనోకె తల వంచుకుని విన్నాడు. "చట్టంలో ఒక ముక్క ఉంది బూబూ. కుట్టుపని లేకుండా అలాగే వాడుకునేదైతే తయారైన సరుకే. వాడేవాళ్ళు ఏమంటారో విని రమ్మన్నారు. గురువారం మా పైఅధికారి వస్తారు. ఆయన ముందు కూడా చెబుతావా?"

"ఎందుకు చెప్పను? మా ఆడవాళ్ళందర్నీ తీసుకొస్తాను!"

"నువ్వొక్కదానివి చాలు" అన్నాడతను. వెళ్తూ రేవాబెన్ వైపు చూసిన చూపులో జాలి ఉంది. ఆ జాలికే ఆమెకు ఎక్కువ భయమేసింది.

ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ దోలత్‌భాయ్ ఫోను చేశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఆవిడ నీ స్నేహితురాలేగా? వెళ్ళి చెప్పు. సులూ అనొద్దు, గుడ్డ అనమను. అంతే. దొంగతనం చెయ్యమనడం లేదు, ఒక మాట బదులు ఇంకో మాట."

తితిలియా ఊరు నాకెలోకి వెళ్ళే బస్సులో రేవాబెన్ దారి పొడుగునా ఆ వాక్యమే నెమరేసుకుంది. ఒక మాట బదులు ఇంకో మాట. తప్పేముంది? నిజానికి అది గుడ్డ కూడా కదా. తితిలియా ఇంటికి చేరేసరికి తను చేస్తున్నది తప్పు కాదని ఆమె దాదాపు నమ్మేసింది.

చాప మీద కూర్చోబెట్టి, నిమ్మాకు టీ ఇచ్చి, తితిలియా ఎదురుగా కూర్చుంది. నల్ల గౌను, నల్ల సులూ. ఎరోని కుర్చీ మీద నల్లగుడ్డ కప్పి ఉంది. రేవాబెన్ తల ఎత్తకుండా అంతా చెప్పింది. సుంకం, ఐదేళ్ళు, కొట్టు, పైన గదులు, గురువారం.

తితిలియా చేతిలో కప్పు ఒకసారి తిప్పింది. "అయితే నేను నోరు జారి నీ ఇల్లు కూల్చానన్నమాట."

"నీకేం తెలుసు? నీ తప్పేం లేదు. ఇప్పుడు కూడా పెద్ద అబద్ధమేమీ కాదు తితిలియా. మీరు దాన్ని కుట్టించుకుంటారుగా? ఆడపిల్లలకి గౌన్లు కుట్టిస్తారు, మగాళ్ళకి చొక్కాలు. కుట్టేది గుడ్డేగా?"

"కుట్టించుకునేవాళ్ళు కుట్టించుకుంటారు. చుట్టుకునేవాళ్ళు చుట్టుకుంటారు."

"చుట్టుకునే సంగతి చెప్పకు. గుడ్డ అని చెప్పు, చాలు."

తితిలియా కప్పు కింద పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"ఎరోనిని నేనే తుడిచి నేనే చుట్టాను రేవా. ఆకుపచ్చది, నీ కొట్టుదే. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. అది ఉత్త గుడ్డ అని ఇప్పుడు నేను చెబితే, నా మొగుణ్ణి కట్టుబట్ట లేకుండా పంపించానా?"

ఇంత దూరం బస్సులో వచ్చింది ఒక విధవరాలి నోట ఈ ప్రశ్న పలికించడానికా అని రేవాబెన్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. వద్దులే, నువ్వు నిజమే చెప్పు అనాలనుకుంది. పైన గదులు, అటక మీద ధనసుఖ్ పెట్టె, తెల్లవారితే తెరవాల్సిన తలుపు కళ్ళ ముందు కదిలాయి. ఆ మాట అనకుండానే టీ పూర్తిచేసి లేచి వచ్చేసింది.

గురువారం పైఅధికారి వచ్చాడు. కళ్ళజోడు, నెరిసిన జుట్టు, పని తెమిలితే చాలన్న ముఖం. ఇనోకె పక్కన నిలబడ్డాడు. కొట్టు తలుపు సగం దించారు. దోలత్‌భాయ్ ఏదో పని మీద వచ్చినట్టు వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. తితిలియా వస్తుందో రాదో రేవాబెన్‌కి తెలియదు. రాకపోతే బాగుండునని ఒక క్షణం, వస్తే బాగుండునని ఒక క్షణం ఆమె ప్రాణం కొట్టుకులాడింది.

తితిలియా వచ్చింది. ఒక్కతే వచ్చింది. జుట్టు శుభ్రంగా దువ్వుకుని, చేతులు ముందు కట్టుకుని, చర్చిలో నిలబడినట్టు నిలబడింది.

ఇనోకె నీలం తాను చూపించి అడిగాడు. "బూబూ, దీన్ని మీరేమంటారు?"

"గుడ్డ."

"మొన్న సులూ అన్నావు కదా?"

"ముసలిదాన్ని నాయనా. మొగుడు పోయిన దుఃఖంలో ఉన్నాను. ఏదో వాగాను. ఇది గుడ్డ. కత్తిరించి కుట్టించుకుంటే తప్ప ఎందుకూ పనికిరాదు."

"అలాగే చుట్టుకోరా ఎవరూ?"

తితిలియా కళ్ళు నేల మీదే ఉన్నాయి. "మా ఇళ్ళల్లో ఎవరూ అలా చుట్టుకోరు."

ఇనోకెకి తెలుసు. సులూలో చుట్టి పెంచిన తైలేవు పిల్లాడికి తెలియకపోతుందా? అతను తితిలియాని ఇంకేమీ అడగలేదు. రేవాబెన్ వైపు తిరిగి, "ఇంతేనా ఆంటీ?" అన్నాడు.

రేవాబెన్ తితిలియా ముఖం వైపు చూడలేకపోయింది.

"అంతే బాబూ" అంది.

వాళ్ళు వెళ్ళిపోయారు. దోలత్‌భాయ్ రెండు చేతులూ జోడించి తితిలియాకి దణ్ణం పెట్టాడు. ఆమె పట్టించుకోలేదు. నీలం తాను తీసుకుని ధర అడిగింది. డబ్బు వద్దని రేవాబెన్ ఎంత బతిమాలినా వినకుండా పాత ధర లెక్కకట్టి బల్ల మీద పెట్టి వెళ్ళింది.

నూరో రాత్రి విందుకి రేవాబెన్ వెళ్ళింది. నాకెలో అంతా నీలం మీద తెల్ల తాటాకులే. పిల్లలు పరిగెడుతుంటే ఆ అచ్చే పరిగెడుతోంది. తితిలియా తన పక్కనే కూర్చోబెట్టుకుని, శాకాహారం వేరుగా వండించిన గిన్నె తెచ్చి, కొసరి కొసరి వడ్డించింది. నది పేరు మీద మళ్ళీ ఎగతాళి చేసింది. అంతా మామూలుగానే ఉంది. రేవాబెన్‌కి మాత్రం ముద్ద దిగలేదు. చుట్టూ కూర్చున్న ముసలివాళ్ళలో సగం మంది ఆ బట్టని కుట్టించకుండా అలాగే చుట్టుకుని ఉన్నారు.

నోటీసు మీద ఇప్పటికీ ఏమీ తేలలేదు. పరిశీలనలో ఉందట. అడిగితే తొందరేమిటంటారు. ఫోను మోగితే దోలత్‌భాయ్ గుండె పట్టుకుంటాడు. రేవాబెన్ కొత్త సరుకు తెప్పించడం తగ్గించింది, ఉన్నది అమ్ముకుంటోంది. కొట్టు తనదేనా కాదా అన్నది తెలియకుండానే రోజూ తాళం తీస్తోంది.

తితిలియా ఎప్పటిలాగే వస్తోంది. ఒక మధ్యాహ్నం మనవరాలికి పుట్టినరోజని వచ్చింది. కొట్టులో ఇంకెవరూ లేరు.

"ఆ పసుపు గుడ్డ చూపించు రేవా. పక్కన చేపల అచ్చు గుడ్డ కూడా."

మొదటిసారి గుడ్డ అన్నప్పుడు రేవాబెన్ పట్టించుకోలేదు. రెండోసారి నవ్వులాట అనుకుంది. ఆ గురువారం నుంచి ఈ కొట్టులో తితిలియా నోట సులూ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదని ఇప్పుడు తట్టింది. తాను తీస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"ఇక్కడెవరూ లేరు తితిలియా. నా దగ్గర నువ్వు సులూ అనొచ్చు."

తితిలియా ఆమె వైపు ఆశ్చర్యంగా చూసింది.

"ఎలా అంటానే? అంతమంది ముందు గుడ్డ అని చెప్పాను. ఇప్పుడు మాట మారిస్తే, ఆ రోజు నేను చెప్పింది అబద్ధం అయిపోదూ?"

రేవాబెన్ పసుపు తాను బల్ల మీద పరిచింది. ఎంత కావాలో తితిలియా చెప్పింది. రేవాబెన్ అంచు దగ్గర చింపకుండా, కొలిచి కత్తిరించి ఇచ్చింది.